పెద్దపాప పెట్టె

నా బల్ల సొరుగులో ఒక పాత కంప్యూటరు కేబుల్ ఉంది. మూడు వేళ్ళ వెడల్పున, రిబ్బనులా పలచగా, బూడిదరంగులో ఉంటుంది. రెండు కొసలా నల్లటి పలకలు, ఆ పలకల్లో సన్నటి రంధ్రాల వరుసలు, ఆ రంధ్రాల అంచుల్లో రాగిచెంబుకు పట్టినట్టు పచ్చటి చిలుము. నేను కావలిలో ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాను. సాయంత్రాలు డిబేట్ పోటీలకు పిల్లలను తయారుచేస్తాను. మొన్న సుద్దముక్క కోసం సొరుగు తెరిచిన ఒక విద్యార్థిని ఆ కేబుల్‌ను రెండు వేళ్ళతో ఎత్తిపట్టుకుని, "ఇదేంది మేడం, పారేసేదా?" అని అడిగింది. వద్దన్నాను. అది సాక్ష్యం అన్నాను. "దేనికి సాక్ష్యం మేడం?" అంది. ఆధారం చూపకుండా నోరు విప్పవద్దని వాళ్ళకు నేర్పినదాన్ని నేనే కనుక ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా సొరుగు మూసి, ఆనాటి అంశంలోకి వెళ్ళిపోయాను. వాదంలో అడిగిన ప్రశ్నను దాటవేయడం ఓటమితో సమానమని నాకు నేర్పింది మా అక్క. ఆ ఓటమిని సరిదిద్దుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు ఇందుకూరుపేట దాటాక, సముద్రానికీ రొయ్యల గుంటలకూ నడుమ ఉంటుంది. నాకు ఊహ తెలిసేటప్పటికే ఇంటి చుట్టూ ఉన్న వరి మళ్ళు ఒక్కొక్కటిగా గుంటలవుతున్నాయి. అందుకే నా బాల్యానికి రెండు వాసనలున్నాయి. మొదటిది కోత కోసిన మడి వాసన. అది నాకు కలలో తగిలినట్టుగా మాత్రమే గుర్తు. రెండవది రొయ్యల మేత బస్తాల వాసన. ఎండుచేపలను పిండి కొట్టి అటకమీద పెట్టినట్టుండే ఆ వాసన మా బట్టల్లో, పుస్తకాల్లో, చివరికి అమ్మ పెట్టే సాంబ్రాణి పొగలో కూడా ఉండేది. వసారా పక్కన పడమటి గది ఒకటి ఉంది. మొదట్లో ఆ గదిలో ఆయిల్ ఇంజను ఉండేది. కరెంటు మోటార్లు వచ్చాక ఇంజను పోయింది కానీ, గచ్చుమీద దాని నూనె మరక మిగిలింది. ఆ మరక మీదనే బల్ల వేసి, బల్లమీద కంప్యూటరు పెట్టాము.

ఆ కంప్యూటరు మా ఇంటికి రావడమే ఒక డిబేట్ గెలుపు. అక్క అప్పుడే నెల్లూరులో డిగ్రీలో చేరింది. నేను హైస్కూల్లో ఉన్నాను. భోజనాల దగ్గర నాయన ఇంకా నోరు తెరవకముందే అక్క మొదలుపెట్టింది.

"నాయనా, నువ్వు చెప్పబోయేది నేనే చెప్తా విను. పెట్టె కొంటే కరెంటు ఉండదు. కరెంటు ఉంటే ఉప్పుగాలికి తుప్పు పడతాది. తుప్పు పట్టకపోతే మేమిద్దరం చదువు మానేసి దాని ముందర కూర్చుంటాం. అంతేనా?"

"అంతే. ఇంకోటి కూడా ఉండాది," అన్నాడు నాయన, పప్పులో నెయ్యి కలుపుకుంటూ.

"ఏంది?"

"దాని వైద్యం నాకు తెలవదు."

"ఇంజను వైద్యం నీకెవరు నేర్పినారు?"

నాయన నవ్వేశాడు. అమ్మ మాత్రం, "మొగుణ్ణి ఇట్టనే ఆడిస్తావు నువ్వు, వాడెవడో గాని పాపం," అంది. మరుసటి వారానికి నెల్లూరు నుంచి పెట్టెలు దిగాయి. అక్క అనుసరించిన నియమం అదే: అవతలివాళ్ళ మాటను వాళ్ళకంటే బాగా మనమే చెప్పాలి, ఆ తరువాతే కాదనాలి. చెప్పలేకపోతే కాదనే హక్కు మనకు లేదు. ఈ నియమాన్ని నేను ఎన్నో వేదికల మీద నాదిగా చెప్పుకుని బహుమతులు తెచ్చుకున్నాను. అది ఆ పళ్ళెం ముందు పుట్టింది.

ఇంజను వైద్యం నాయనకు ఎవరూ నేర్పలేదు గనుక, కంప్యూటరుకు కూడా ఆయన తనకు తెలిసిన వైద్యమే చేశాడు. కాసేపు ఆడాక దాన్ని ఆపించేవాడు. వెచ్చబడిందేమోనని పక్క రేకు మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు; జ్వరం చూసినట్టే ఉండేది. చెవి ఆనించి లోపలి పంకా శబ్దం వినేవాడు. పడమటి కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టాడు. పొద్దు నడినెత్తికి రాగానే పెరట్లో బోరు కింద బకెట్టు నింపుకుని వచ్చి, చెంబుతో ఆ తడికను పై నుంచి కిందికి తడిపేవాడు. గాలి తడిక గుండా వచ్చి బల్లమీదికి చల్లగా పారేది. "ఇంజనుకైతే తడి గోనె కప్పేవాణ్ణి, దీనికి కప్పకూడదంట గదా," అనేవాడు క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. తడిసిన వట్టివేరు వాసన, మేత వాసనను కొంతసేపు గదిలోంచి వెళ్ళగొట్టేది. మా ఇంట్లో చల్లదనం ఉన్న గది అదొక్కటే. అది మనుషుల కోసం కాదు, పెట్టె కోసం. అందుకని అమ్మ ఎగతాళి చేసేది: "వచ్చే జన్మలో కంప్యూటరుగా పుడతా. మీ నాయన విసనకర్ర పట్టుకుని నిలబడతాడు."

ఆ చల్లటి గదిలో అక్క డిబేట్లు సాధన చేసేది. బట్టల క్లిప్పుతో మైకును మానిటరు అంచుకు తగిలించి, తన గొంతు తానే రికార్డు చేసుకునేది. ఎదుటి పక్షం లేకపోతే వాదం పండదని నన్ను కూర్చోబెట్టేది. తాను ఒక పక్షం, నేను ఇంకో పక్షం. 'వరికన్నా రొయ్య మేలు' అనే అంశం మీద మేము ఎన్నిసార్లు తలపడ్డామో లెక్క లేదు. మడులను గుంటలుగా మార్చింది మా నాయనే గనుక అది మా ఇంటి అంశం. ఎక్కువగా రొయ్య పక్షం అక్కది, వరి పక్షం నాది. నాయన వసారాలో మేత బస్తాలు కుట్టుకుంటూ మా తీర్పరిగా ఉండేవాడు. ఆయన తీర్పు ఎప్పుడూ ఒక్కటే: "ఇద్దరూ బాగా చెప్పినారు. ఇంక పెట్టె ఆపండి, కాలిపోతా ఉంటాది."

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా వానాకాలంలో అక్కకు జ్వరం వచ్చింది. మొదట ఇంట్లో పడుకుంది. ఆ తరువాత నెల్లూరు తీసుకుపోయారు. ఆటో ఎక్కేటప్పుడు నాతో, "తిరిగొచ్చినాక నువ్వు రొయ్య పక్షం, నేను వరి పక్షం. సిద్ధం చేసుకో," అంది. నేను సిద్ధం చేసుకున్నాను. అక్క తిరిగి రాలేదు. దీనిమీద ఇంతకుమించి రాయగలిగితే ఇన్నేళ్ళలో ఎప్పుడో రాసి ఉండేదాన్ని.

ఆ తరువాత మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. పడమటి గది తలుపు దగ్గరగా వేసి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం నాయన బకెట్టుతో లోపలికి వెళ్ళేవాడు. తడిక తడిపి, అమ్మ పాత వాయిలు చీర కప్పిన మానిటరును విప్పి, పెట్టెను వెలిగించేవాడు. ఇంజను ఆడించకుండా వదిలేస్తే పట్టేస్తుందని ఆయన నమ్మకం. వెలిగించినవాడు ఊరకే ఎందుకు కూర్చుంటాడు? అక్క గొంతు పెట్టుకునేవాడు. అది మొదలవగానే నేను చెప్పులు వేసుకుని గుంటల గట్టు మీదికి వెళ్ళిపోయేదాన్ని. హాస్టలుకు వెళ్ళాక, ఉద్యోగం వచ్చాక కూడా, ఆదివారం ఇంట్లో ఉన్నానంటే ఆ వేళకు గట్టు మీదే ఉండేదాన్ని. రొయ్యలకు గాలి అందించే ఏరేటర్ల చక్రాలు నీళ్ళను కొట్టే చప్పుడులో ఏ గొంతూ వినపడదు. ఆ గది గురించి అమ్మ కూడా నాతో ఒక్కసారే మాట్లాడింది: "ఆ పెట్టె ఆడేటప్పుడు నేను కుక్కరు పెట్టను. విజిలొస్తే మాట మునిగిపోతాది గదా." అమ్మ వంటింట్లో కూర్చుని వింటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఈ వేసవిలో నాయన ఫోను చేశాడు. "పెద్దపాప పెట్టె మొరాయిస్తా ఉండాది మా. వెలిగేదానికే పొద్దు పోతాది. ఒకరోజు వెలగకుండా పోతే ఏం చేసేది? నువ్వు రా." ఇన్నేళ్ళలో ఆ పెట్టె మీద ఇంకొకరి చెయ్యి పడటానికి ఆయన ఒప్పుకోవడం అదే మొదలు. బస్సు దిగి ఇంటికి చేరగానే ఆయన మంచినీళ్ళయినా ఇవ్వకుండా షరతు పెట్టాడు: "నువ్వేమన్నా చెయ్యి. పాప గొంతుకు ఏం కాకూడదు."

అక్క గొంతు ఆ పెట్టెలో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఫోటోలున్నాయి, బహుమతి కప్పులున్నాయి, చున్నీ ఒకటుంది. గొంతు మాత్రం ఆ హార్డ్ డిస్క్ లోపల ఉంది. దాన్ని వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలనుకున్నాను. ఎక్కించబోతే తెర మీది పట్టీ నత్తలా కదిలింది. మిగిలిన సమయం అని చూపే అంకె తగ్గడానికి బదులు పెరుగుతూ పోయింది. అంత నిదానంగా ఆ ముసలి పెట్టెను గంటల తరబడి ఆడిస్తే మధ్యలోనే ప్రాణం వదులుతుందేమోనని భయం వేసింది. ఆపేశాను. ముందు రోగం తెలుసుకోవాలి.

నేను కంప్యూటర్లు చదవలేదు. కానీ ఒక్కొక్క కారణాన్నీ నిలబెట్టి, పరీక్షించి, నిలవనిదాన్ని తీసేయడం నాకు తెలిసిన పనే. పెన్‌డ్రైవ్ గుచ్చే చోటులో లోపమేమో అనుకున్నాను. అదే డిస్కులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేసి చూస్తే అదే నిదానం. కాబట్టి అది కాదు. డిస్కు నిండిపోయిందేమో, సగానికి పైగా ఖాళీగా ఉంది. డిస్కే చెడిపోతున్నదేమో, పరీక్ష పెడితే లోపలి పలకల మీద దెబ్బ ఏదీ కనిపించలేదు, చెవి ఆనిస్తే కటకట శబ్దమూ లేదు. నేను చెవి ఆనించడం చూసి నాయన, "నేను వారం వారం వింటానే ఉండా. పంకా బాగానే ఉండాది," అన్నాడు. ఆఖరికి సెట్టింగుల్లో లోలోపలికి వెళ్ళి చూస్తే అసలు సంగతి కనపడింది. హార్డ్ డిస్క్ నుంచి సమాచారం రావడానికి రెండు పద్ధతులుంటాయి. ఒకటి కాలువ పారినట్టు తనంతట తానే పారడం. రెండవది మనిషి బిందెతో తోడి మోసినట్టు, కంప్యూటరు మెదడే వేరే పనులు మానుకుని ఒక్కొక్క గుక్కనూ మోయడం. మా పెట్టె బిందె పద్ధతిలో నడుస్తోంది. కాలువలో సమాచారం పదే పదే చెడిపోయి వస్తే ఆ పెట్టె కాలువను నమ్మడం మానేసి బిందెకు దిగిపోతుంది. ఆ తరువాత కాలువ బాగుపడినా తనంతట తాను మళ్ళీ దాన్ని నమ్మదు. ఇది చదివినప్పుడు మా ఇల్లూ అలాగే బిందెకు దిగిపోయిందని అనిపించింది.

అసలు లోపం ఎంతటిదో చూద్దామని, ఆ ఆదివారం నేను గట్టు మీదికి వెళ్ళలేదు. నాయన పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ఆయన మౌసును రెండు చేతులతో పట్టుకుని, రోజూ చేసే పనిలాగా, ఆ ఫైలు దగ్గరికి వెళ్ళాడు. అక్క గొంతు వచ్చింది. ఇన్నేళ్ళ తరువాత. కానీ ముక్కలు ముక్కలుగా వచ్చింది. "వరి వేసినన్నాళ్ళూ మా నాయన" అని ఆగిపోయింది. మెదడు బిందెలు మోస్తూ ఉంటే గొంతు వినిపించడానికి దానికి తీరిక ఎక్కడిది? చాలాసేపు నిశ్శబ్దం. నేను తెర వైపు చూస్తున్నాను. నాయన మెడ కొంచెం ముందుకు వంచి, ఎవరో వసారాలోంచి పిలిస్తే పలికినట్టుగా, అతి మామూలుగా, "ఊఁ, ఏం పాపా," అన్నాడు. అప్పుడు గొంతు మళ్ళీ కదిలింది: "నాయన ఆకాశం వైపు చూసేవాడు. ఇప్పుడు నీళ్ళ వైపు చూస్తన్నాడు. ఏది మేలో మీరే చెప్పండి." ఇంకొక చోట ఆగింది. ఆయన అక్కడా పలికాడు. ఆగే ప్రతి చోటూ ఆయనకు తెలుసు. కొన్నిచోట్ల "అవున్నిజమే" అన్నాడు. ఒకచోట నవ్వాడు. నేను లేచి బయటికి వచ్చి, పెరట్లో బోరు దగ్గర మొహం కడుక్కున్నాను. పెదవులకు తగిలిన నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. కన్నీళ్ళే అనుకున్నాను. ఇంకో దోసెడు పట్టి చూశాను. నీళ్ళే.

మా బోరు ఉప్పెక్కి చాలా కాలమైంది. చుట్టూ గుంటలు వచ్చాక అందరి బోర్లూ అంతే. తాగడానికి ఆటోలో క్యాన్లు వస్తాయి. ఈ విషయం మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసిన విషయాన్ని తెలిసిన ఇంకొక విషయం పక్కన పెట్టి చూడటమే మేము చేయలేదు. తిరిగి లోపలికి వెళ్ళి తడిక దగ్గర నిలబడ్డాను. వట్టివేళ్ళ మీద తెల్లటి పొర పేరుకుని ఉంది. గోటితో గీకితే పొడిగా రాలింది. తడిక గుండా వచ్చే గాలి సరిగ్గా పెట్టె వెనక వైపుకు తగులుతుంది. పెట్టె ఆపించి, పక్క రేకు విప్పాను. హార్డ్ డిస్కుకు తగిలించిన కేబుల్ కొసన, ఆ సన్నటి రంధ్రాల చుట్టూ, పచ్చటి చిలుము. కాలువ తెగింది అక్కడ. అక్క పళ్ళెం ముందు కూర్చుని తుప్పు పడుతుందని నాయన తరఫున వాదించిన ఉప్పు, నాయన చెంబుతోనే లోపలికి వచ్చింది. పెట్టె చల్లగా ఉండాలని, పాప గొంతు వాడిపోకూడదని.

"యాడ పోయింది తప్పు?" అని వెనకనుంచి అడిగాడు.

"కేబుల్ పాతబడింది నాయనా."

అది అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజం చెప్పినవాళ్ళను వేదిక మీద నేను ఎన్నడూ వదిలిపెట్టలేదు.

నెల్లూరులో పాత సామాన్ల దుకాణం నడిపే ఖాదరన్న దగ్గరికి ఆ కేబుల్ పట్టుకుని వెళ్ళాను. దాన్ని చూసి ఆయన మురిసిపోయాడు. "ఇయి ఇంకా బతికే ఉండాయా అక్కా? కొత్తది కొనుక్కోకూడదా, ఈ ముసలిదానికి ఎందుకు సేవ?" ఆయన నాకంటే పెద్దవాడు, అయినా ఆడవాళ్ళందరినీ అక్కా అనే పిలుస్తాడు. "డిస్కే పోయుంటాదిలే, కేబుల్ కాదు," అని పందెం కట్టబోయాడు. నేను చిలుము చూపించాను. "సముద్రం ఒడ్డునా మీ ఇల్లు?" అని, అటక మీద దుమ్ము పట్టిన పెట్టెలోంచి వాడని కేబుల్ ఒకటి వెతికి ఇచ్చాడు. డిస్కు వైపు సూదుల్లాంటి ముళ్ళను ఎట్లా శుభ్రం చేసుకోవాలో చెప్పి, "ఎవరి పెట్టె అక్కా ఇది?" అని అడిగాడు. మా అక్కది అన్నాను. "బాగా వాడుకుంటాదే," అన్నాడు. అవునన్నాను.

కొత్త కేబుల్ తగిలించి, ముళ్ళను బ్రష్షుతో, స్పిరిట్‌తో తుడిచి, ఆ పెట్టె తన పాత అపనమ్మకాన్ని మరిచిపోయేలా సెట్టింగు తీసేసి మళ్ళీ వెలిగించాను. కాలువ పారింది. అక్క ఫైళ్ళన్నీ, అమ్మ అన్నం వార్చే లోపల, పెన్‌డ్రైవ్‌లోకి వచ్చేశాయి. ఒక కాపీ నా ఫోనులోకి, ఇంకొకటి కావలిలో ఉన్న కంప్యూటరులోకి. అక్క గొంతుకు ఇక చావు లేదు. గెలిచాననుకున్నాను. ముగింపు వాక్యం చెప్పి మైకు దగ్గర నుంచి తప్పుకునేటప్పుడు గుండెల్లో ఉండే ఆ తేలికదనం నాకు బాగా తెలుసు. "అమ్మా, నువ్వూ రా," అని వంటింట్లోకి కేక వేసి, నాయనను కూర్చోబెట్టి, ఫైలు తెరిచాను.

అక్క మాట్లాడింది. ఎక్కడా ఆగకుండా, పోటీలో మాట్లాడినట్టే, గలగలా. "వరి వేసినన్నాళ్ళూ మా నాయన ఆకాశం వైపు చూసేవాడు ఇప్పుడు నీళ్ళ వైపు చూస్తన్నాడు." నాయన మెడ ముందుకు వంగింది, పెదవులు తెరుచుకున్నాయి. అక్క అప్పటికే తరువాతి వాక్యంలో ఉంది. ఆయన నోరు మూసుకున్నాడు. రెండో చోట కూడా అంతే. వెనకాల ఎక్కడో బకెట్టు చప్పుడు, "పాపా, తడిక తడపాల, జరుగు," అని ఆయన గొంతే, "రికార్డింగు జరగతా ఉండాది నాయనా!" అని అక్క చిరాకు, నా నవ్వు. ఆ తరువాత నిశ్శబ్దం. అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే నాయనా. అసలు నిడివి ఇదే. ఇన్నాళ్ళూ పెట్టె మొరాయించి సాగదీసింది."

"మధ్యాహ్నమంతా వచ్చేది గదా."

"అది తప్పు నాయనా. ఇదే సరైనది. పాప మాట్లాడింది ఇట్లాగే."

"ఇట్లాగే మాట్లాడింది. కాదన్లా," అన్నాడు. మౌసును బల్ల అంచు దాకా నెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "పలికేదానికి నాకు సందు లేకుండా పోయింది మా."

తలుపు దగ్గర నిలబడిన అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను వాదించాను. వాదించకుండా ఉండటం నాకు చేతకాదు. గొంతు భద్రమైందన్నాను, ఇక పోదన్నాను, ఫోనులోనే ఎప్పుడు కావాలంటే అప్పుడు వినవచ్చన్నాను. ఆయన ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. అన్నింటికీ తల ఊపాడు. ఎదుటి పక్షం ఒప్పుకుంటున్న కొద్దీ నా మాటలు బలహీనపడటం నేను ఎన్నడూ చూడలేదు. ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని, అక్క నియమం ప్రకారం, ఆయన పక్షాన్ని ఆయనకంటే బాగా నాకు నేనే చెప్పుకోవడానికి ప్రయత్నించాను. అది ఇంత మాత్రమే: లోపం లేని గొంతు ఒక ప్రసంగం. లోపం ఉన్న గొంతు మాత్రం పిలుపు. చచ్చిపోయినవాళ్ళు మనకు ప్రసంగాలు మిగిల్చి పోతారు. ఆయన బిడ్డ మాత్రం, ఉప్పు పట్టిన ఒక కేబుల్ పుణ్యాన, వారం వారం "మా నాయన" అని పిలిచి జవాబు కోసం ఆగింది. దీన్ని కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను ఎటుచూసినా సరైనదాన్నే చేశాను. సరైనదాన్ని చేసి, ఆయన కూతుర్ని ఒక మధ్యాహ్నమంత నిడివి నుంచి కొన్ని నిమిషాలకు కుదించాను.

నా చిన్నతనంలో ఆ ఇంట్లో ప్రతిదానికీ కొంత ఆలస్యం ఉండేది. ఇంజను వెంటనే అందుకునేది కాదు, బోరు వెంటనే ఎక్కేది కాదు, కరెంటు పోతే వచ్చేదాకా వసారాలో కూర్చునేవాళ్ళం. ఆ కూర్చోవడంలోనే మాటలుండేవి. ఇప్పుడు నా ఫోనులో ఏదీ ఆగదు. పిల్లలు నా తరగతిలో ఒకరి వాక్యం పూర్తి కాకుండానే ఖండన మొదలుపెడతారు. అది నేను నేర్పినదే, వేగం మార్కులు తెస్తుంది. పాతకాలం మంచిదని వాదించడం నాకిష్టం లేదు. ఆ కాలంలో అక్క జ్వరంతో పోయింది. కానీ ఆ ఆలస్యాల్లో ఎవరో ఒకరు "ఊఁ" అనేవారు. ఆ మాట మాత్రం ఇప్పుడు నాకు ఎక్కడా వినపడటం లేదు.

మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. నాయన గుంటల దగ్గర ఉండగా పెట్టె వెలిగించి, సెట్టింగుల్లోకి వెళ్ళి, కాలువ పద్ధతిని తీసేసి, బిందె పద్ధతినే ఎంచాను. తెలిసి తెలిసి తప్పు జవాబును గుర్తుపెట్టాను. కేబుల్ కొత్తదే ఉంచాను. పాతది నా సంచిలో వేసుకున్నాను. పొద్దు నడినెత్తికి రాగానే నాయన బకెట్టు తీసుకుని బోరు వైపు నడిచాడు. నేను వసారాలోని తాగే నీళ్ళ క్యానును రెండు చేతులతో ఎత్తి తెచ్చి, ఆయన బకెట్టులోకి వంచాను.

"ఇయి తాగేటియి గదా మా?"

"అవును నాయనా."

ఆయన బకెట్టు వైపు చూశాడు. బోరు వైపు చూశాడు. కొళాయి అంచున పేరుకున్న తెల్లటి ఉప్పును బొటనవేలితో రుద్ది, ఆ వేలిని చాలాసేపు చూసుకున్నాడు. ఏరేటర్ల మోటార్లు ఎందుకు పోతాయో ఊరందరికీ చెప్పే మనిషి ఆయన. "అయితే నేనే," అన్నాడు. ఆయన బకెట్టు ఎత్తుకుని లోపలికి వెళ్ళి, ఎప్పటిలాగే తడికను పై నుంచి కిందికి తడిపాడు. వట్టివేళ్ళ వాసన వచ్చింది. వంటింట్లో అమ్మ స్టవ్ కట్టేసిన చప్పుడు వినపడింది.

ఫైలు తెరిచాడు. అక్క మొదలుపెట్టింది. "వరి వేసినన్నాళ్ళూ మా నాయన" దగ్గర ఆయన ముందుకు వంగాడు. గొంతు అక్కడ ఆగలేదు. దాటి పోయింది. ఆగే చోట్లు పాత కేబుల్‌తోనే పోయాయని అర్థమైంది. మందగించమని చెప్పగలిగాను గానీ, ఎక్కడ ఆగాలో చెప్పడం నా చేతిలో లేదు. గొంతు ఇంకొంత దూరం నడిచి, "అయితే మా చెల్లెలు అడగతాది" అని, ఆగిపోయింది.

గదిలో తడిక నుంచి కారే నీటి చుక్కలు తప్ప చప్పుడు లేదు. నేను తెర వైపే చూస్తున్నాను. నాయన మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఈసారి ఇంకోచోట ఆగింది పాప," అన్నాడు. "నిన్నే మా. పలుకు."

ఏ వేదిక మీదా నాకు మాట తడబడలేదు. ఆ ముక్కాలిపీట మీద కూర్చుని, పెట్టె మళ్ళీ కదిలేలోగా, ఆ సందులో, "ఊఁ అక్కా," అన్నాను.